మైకులో చెప్పిన పేరు

దాలమ్మ పుట్టింది మలేషియాలో బటాంగ్ బెర్జుంటై దగ్గర ఒక రబ్బరు తోటలో. ఆమె పెళ్ళినాటికి రబ్బరు చెట్లు కొట్టేసి పామాయిలు మొక్కలు నాటారు. ఆ మొక్కలు గెలలు వేసేనాటికి భర్త పోయాడు. కూలీల లైను ఇళ్ళు పడగొట్టేనాటికి కొడుకు కిశోర్‌కుమార్ లారీ నడిపే వయసుకు వచ్చాడు. తల్లీకొడుకులు మూటాముల్లే సర్దుకుని డెంకిల్‌లో ఒక అద్దె ఫ్లాటుకు చేరారు. తోటలో ఇప్పుడు మిగిలింది అమ్మవారి గుడి ఒక్కటే. క్లాంగ్‌కీ పూచోంగ్‌కీ చెదిరిపోయిన తోటవాళ్ళంతా ఏడాదికోసారి పండుగకు అక్కడ కలుస్తారు.

నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు దాలమ్మ. పెళ్ళికి పోయినా పందిట్లో కూర్చోదు, పొయ్యి దగ్గరకు చేరి ఉల్లిపాయలు తరుగుతుంది. ఫోటో తీస్తామంటే ఎవరి భుజం వెనకో నక్కుతుంది. అటువంటి మనిషి మైకు పట్టుకుని మాట్లాడిందంటే తోటవాళ్ళే ముక్కున వేలేసుకున్నారు. ఆ మాట్లాడిన పాపానికి ఆమె ఎంత తల దించుకుందో మాత్రం వాళ్ళకు తెలియదు.

సైబర్‌జయలో ఆఫీసులు తుడిచే పనిలో ఉండగా, యూనివర్సిటీలో పాఠాలు చెప్పే రఫాయెల్ అనే ఆయన ఆమెను పిలిచి అడిగాడు. తమవాళ్ళలో ఒక ముసలావిడ ఒంటరిగా ఉంది, పగలంతా తోడుండి వండిపెట్టాలి, వస్తావా అని. ఆయనది ఏదో దూరదేశం. మలాయ్ భాష పుస్తకం చూసి నేర్చుకున్నవాడిలా నెమ్మదిగా, తప్పు లేకుండా మాట్లాడతాడు.

ముసలావిడ పేరు మోజెల్. పెనాంగ్‌లో పుట్టిన యూదు మనిషి. ఆమె తాతలు బాగ్దాదు నుంచి ఓడెక్కి వచ్చి జార్జ్‌టౌన్‌లో బట్టల కొట్టు పెట్టుకున్నారట. ఒకప్పుడు పండుగ వస్తే ఇల్లు పట్టనంత మంది చుట్టాలు. తరవాత ఒక్కొక్కరే ఏ దేశానికో వెళ్ళిపోయారు. మోజెల్ ఒక చైనా మాస్టారును పెళ్ళాడి ఇక్కడే ఉండిపోయింది. ఆయన పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. కాళ్ళు మొరాయించాక, తమవాళ్ళ దగ్గరగా ఉంటుందని రఫాయెల్ ఆమెను సైబర్‌జయకు తీసుకొచ్చి తాముండే భవనంలోనే ఒక ఫ్లాటులో పెట్టాడు.

ఆమెకూ దాలమ్మకూ మధ్య మాటంతా మలాయ్‌లోనే. ఈమె ఆమెను ఆంటీ అంటుంది, ఆమె ఈమెను దాలా అంటుంది.

ఆ ఇంటి పద్ధతులకు దాలమ్మ తొందరగానే అలవాటు పడింది. పాల గిన్నెలు ఒక అరలో, మాంసం గిన్నెలు ఇంకో అరలో, రెండూ కలవకూడదు. తమ పద్ధతిలో కోసిన మాంసం ఇక్కడ దొరకదని ఆ ఇంట్లో మాంసమే వండరు. అయినా ఆ గిన్నెలు తుడిచి తుడిచి పెట్టాల్సిందే.

"వండని మాంసానికి ఇన్ని గిన్నెలెందుకు ఆంటీ?" అని ఒకసారి అడిగింది.

"ఎప్పుడైనా దొరికితే?" అంది మోజెల్. "అప్పుడు గిన్నె లేదని ఏడవాలా?"

దాలమ్మకు తన నాయనమ్మ గుర్తొచ్చింది. అమ్మోరి నైవేద్యం కుండను కోడళ్ళు తాకితే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. ఇదీ అటువంటి మడే అనుకుని సర్దుకుంది. రొయ్యలు పనికిరావు, పొలుసు లేని కెలి చేప పనికిరాదు, పొలుసున్న చేపే తేవాలి. కొబ్బరిపాలు మాత్రం పాల లెక్కలోకి రావని తెలిసినరోజు ఆమె ప్రాణం లేచొచ్చింది.

వారమంతా ఒక ఎత్తు, శుక్రవారం ఒక ఎత్తు. మోజెల్ పొద్దున్నే తల దువ్వించుకుని ముత్యాల దండ వేసుకుని కూర్చునేది. బల్ల మీద తెల్లగుడ్డ పరిపించేది. పొద్దు వాలుతుండగా, ఒక పాత బిస్కత్తు డబ్బా మూతకు పెట్టిన చీలికలో ఒక నాణెం వేసేది. "లేనివాళ్ళకు," అనేది. అప్పుడు గాజు గ్లాసులో నీళ్ళ మీద నూనె పోసి తేలే వత్తులు వెలిగించేది. వెలిగించాక వాళ్ళ విశ్రాంతి దినం మొదలైనట్టే, ఇక ఫోను ముట్టదు, స్విచ్చి నొక్కదు. తరవాత ఒక్కొక్కరే వచ్చేవాళ్ళు. కంపెనీల్లో పనిచేసే కుర్రవాళ్ళు, రఫాయెల్ కుటుంబం, ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చిన చదువుకునే పిల్లలు. అందరూ ఆమె బల్ల చుట్టూ ఇరుక్కుని కూర్చునేవాళ్ళు. మోజెల్ ఒక్కొక్కరి కంచంలో చేప ముక్క తానే వేసేది. ఎవరైనా చాలంటే కోపం వచ్చేది. "పెనాంగ్‌లో మా అమ్మ బల్ల దగ్గర చాలన్నవాడు లేడు," అనేది.

పెనాంగ్ కొట్టు అద్దె మీద తాను బతుకుతున్నాననీ, ఆ అద్దెతోనే ఇంతమందికి పెడుతున్నాననీ ఆమె నమ్మకం. నెలనెలా అద్దె తెచ్చినట్టుగా రఫాయెల్ ఒక కవరు తెచ్చి ఆమె చేతిలో పెట్టేవాడు. ఆమె అందులోంచి దాలమ్మకు చేపలకు తీసిచ్చేది.

నిజానికి ఆ కొట్టును, దాని వ్యవహారం చూసే ఆమె మరిది కొడుకులు ఎప్పుడో అమ్ముకు తిన్నారు. ఇంటద్దె, మందులు, దాలమ్మ జీతం, చేపలతో సహా అన్నీ ఆ శుక్రవారం వచ్చేవాళ్ళు తలా ఇంత వేసుకుని నడుపుతున్నవే. ఎవరు ఎంత వేశారో ఒకరికొకరికి తెలియదు. అంతా రఫాయెల్ చేతిలో పడుతుంది, ఆయన నోట్లోంచి పేరు రాదు. పెనాంగ్‌లో వాళ్ళ పాత సమాధుల మీద గడ్డి కోయించడానికీ, ఇక్కడ చదువుకునే పిల్లల్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఆసుపత్రికీ ఆ డబ్బే. జీతం ఎక్కడినుంచి వస్తుందో దాలమ్మకు తెలియకపోతే ఎప్పుడైనా నోరు జారుతుందని రఫాయెల్ ముందే చెప్పాడు. "ఈ విషయం ఎవరికీ చెప్పకూడదు," అన్నాడు. ఆమె తలూపింది.

గడిచిన ఏడు దాలమ్మ కుడికంట్లో పొర కమ్మింది. చేప పొలుసు తీస్తూ వేలు కోసుకుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో పిలుపు ఎప్పటికి వస్తుందో తెలియదు. ఒకరోజు రఫాయెల్ ఆమెను కారెక్కించుకుని కంటి డాక్టరు దగ్గరకు తీసుకుపోయాడు. ఆపరేషను అయింది. కట్టు విప్పాక దాలమ్మ తన చేతి గీతలు చూసుకుని ఏడ్చింది.

"ఎవరిచ్చారండీ? వాళ్ళ పేరైనా చెప్పండి, దణ్ణం పెట్టుకుంటాను."

"పేర్లు వద్దు," అన్నాడు రఫాయెల్. "ఎవరికీ చెప్పక్కర్లేదు."

అక్కడే దాలమ్మ పొరబడింది. ఆ మాట వినలేదని కాదు. అదే మాట ఆమె పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉంది. తోటలో గుడికి ఏదిచ్చినా అందరూ అనేది అదే. ఒకసారి కాంతయ్య అనే పెద్దమనిషి గుడికి ఫ్యాన్లు కొనిచ్చి, "నా పేరెందుకు లా, అమ్మోరికి తెలిస్తే సాలు," అన్నాడు, తోటవాళ్ళ అలవాటు కొద్దీ మాట చివర మలాయ్ "లా" తగిలించి. కమిటీవాళ్ళు వట్టి అమాయకులు, నిజంగానే పేరు రాయలేదు, మైకులో చదవలేదు. కాంతయ్య రెండు పండుగలు గుడి మెట్టెక్కలేదు. ఆ ఫ్యాన్ల కింద కూర్చున్నవాళ్ళనల్లా రోడ్డు మీద ఆపి, గాలి బాగా వస్తోందా అని అడిగేవాడు. చివరికి రెక్క రెక్కకూ ఎర్ర రంగుతో ఆయన పేరు రాయిస్తేగాని శాంతించలేదు. అప్పటినుంచి, పేరు వద్దన్నవాడి పేరు ఇంకాస్త పెద్దక్షరాలతో రాయాలని కమిటీలో ఒక నియమంలా అయిపోయింది.

పేరు వద్దనడం పెద్దమనిషి తరహా. వద్దన్నా చెప్పడం తిన్నవాళ్ళ మర్యాద. దాలమ్మకు తెలిసిన లోకం అది.

పండుగకు ఆమె దాచుకున్నది తీసి ఒక పూట అన్నదానానికి కట్టింది. గుడి సెక్రటరీ తాతబాబు మైకు ముందు నిలబడి, ఇచ్చినవాళ్ళ పేర్లు చదువుతున్నాడు. దాలమ్మ వంతు వచ్చింది.

"ఏ పేరున సదవాలి అక్కా?"

"యూదులోలని సదువు."

"యూదులోలంటే ఏటి? కాపులా, వెలమలా?"

"మనోలు కారు లా. ఏరే దేశపోలు. సైబర్‌జయలో ఉన్నారు."

"నాకు నోరు తిరగదు. నువ్వే సెప్పేయ్ అక్కా," అని తాతబాబు మైకు ఆమె చేతిలో పెట్టేశాడు.

పారిపోదామనుకుంది. కానీ పంక్తుల్లో కూర్చున్నవాళ్ళంతా తనవైపు చూస్తున్నారు. ఆ ముఖాలన్నీ ఆమెకు తెలుసు. భర్త పోయిన ఏడు ఎవరెవరు బియ్యం తెచ్చి గుమ్మంలో పెట్టారో, పెట్టి ఎవరెవరు ఊరంతా చెప్పుకున్నారో ఆమెకు గుర్తే. ఈవేళ వాళ్ళ ముందున్న ఆకుల్లో అన్నం తనది. ఆమె గొంతు పెగిలింది.

"నా కన్ను సూడండి. ఈ కన్ను పోయినాది. యూదులోలు ఇచ్చినారు నాకీ కన్ను. ఆలు పేరు సెప్పొద్దన్నారు, అంత గొప్పోలు. నాకే కాదు, మోజెల్ ఆంటీ అని ఒక ముసలావిడి ఉన్నాది. పెనాంగ్‌లో కొట్టు ఉన్నాదని, ఆ అద్దె వస్తన్నాదని అనుకుంటాది పాపం. కొట్టూ నేదు ఏటీ నేదు. ఇంటి అద్దె, కూడు, మందు, అన్నీ ఆలే పెడతన్నారు. ఆవిడికి తెలనే తెల్దు! తెలిస్తే సిన్నబోతాదని సెప్పనేదు. అట్టాంటి మారాజులు ఉంటారా? ఆల పేరున తినండి."

జనం చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు చుట్టూ చేరి ఆమె కన్ను చూశారు. ముందు పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించారు. ఇంటికి పోయే దారంతా కొడుకు మోటారుబండి వెనక కూర్చుని తాను చెప్పిన మాటలనే మళ్ళీ మళ్ళీ తలుచుకుంది. ఎంత బాగా చెప్పాను అనుకుంది. ఆ అనుకున్న మాటే తరవాత ఆమెను అన్నిటికన్నా ఎక్కువగా కాల్చింది.

మర్నాడు పనికి పోతే మోజెల్ తానే వచ్చి తలుపు తీసింది. శుక్రవారం కాదు, అయినా ముత్యాల దండ వేసుకుని ఉంది. కర్ర మీద రెండు చేతులూ ఆనించి అడిగింది.

"దాలా, నా కొట్టు ఎప్పుడు అమ్మేశారు?"

దాలమ్మ చేతిలో సంచీ జారింది.

పక్క ఫ్లాటులో విజయరాణి అనే అమ్మాయి ఉంటుంది. తల్లివైపు తెలుగు, తండ్రివైపు అరవం. తల్లివైపు చుట్టాలు ఆ తోటవాళ్ళే. గుడి పండుగను ఎవరో ఫోనులో తీసి ఫేస్‌బుక్‌లో పెడితే ఆమె చూసింది. చూసి మురిసిపోయి, ఫోను పట్టుకుని మోజెల్ దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. ఆంటీ, మీ పేరు మైకులో చెప్పారు, మా గుడిలో మీకు చప్పట్లు కొట్టారు అని. ఏం చెప్పారో చెప్పమంటే, పాపం ఆ పిల్ల వచ్చిన తెలుగుతో మాట మాటకూ మలాయ్ చెప్పింది. సగం చెప్పాక ముసలావిడ ముఖం చూసి ఆపిందట. అప్పటికే చెప్పకూడనిది చెప్పేసింది.

"ఈ వారం చేప తేవద్దు," అంది మోజెల్. "ఎవరినీ రావద్దని రఫాయెల్‌కు చెప్పాను. ఎదుటివాళ్ళ చేప ఎదుటివాళ్ళకే వడ్డించి, చాలంటావేం అని కోప్పడ్డాను. ఎంత నవ్వుకుని ఉంటారు!"

"ఎవరూ నవ్వలేదు ఆంటీ."

"నవ్వలేదు. జాలిపడ్డారు. అది ఇంకా బాగుంది." లోపలికి పోయి గది తలుపు వేసుకుంది.

దాలమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజంతా వంటింట్లో నిలబడి, తుడిచిన గిన్నెలే మళ్ళీ తుడిచింది. మధ్యాహ్నం అన్నం పట్టుకెళితే తలుపు తెరుచుకోలేదు.

ముందు ఆ వీడియో తీయించాలని తోచింది. మర్నాడు కొడుకును బతిమాలి బండి మీద కువాలా సెలంగోర్ పోయింది. అక్కడ తాతబాబుకు మోటారు సామాన్ల దుకాణం ఉంది. ఆమెను చూడగానే లేచి స్టూలు వేశాడు.

"రా అక్కా రా! ఏటి సెప్పినావక్కా ఆవేళ! అందరూ అదే మాట. మన గుడి పోస్టు ఇంతమంది ఎప్పుడూ సూడనేదు."

"అది తీసేయాలి తాతబాబూ."

"ఏటి?"

"తీసేయ్ లా. ఆలకి నచ్చనేదు."

తాతబాబు విషయం అర్థమైపోయినట్టే ముఖం పెట్టాడు.

"కాంతయ్య తరవాత సదివినాననా? ముందు సదవాలంటే ముందే సెప్పాలి కదక్కా. ఓ పని సేస్తాను. వచ్చే పండక్కి ఆల పేరు బేనరు మీదేయించి గేటు కాడ కట్టించేస్తాను. సెరియా?"

"ఒద్దు నాయనా, నీకు దణ్ణం పెడతాను, ఒద్దు! పేరే ఒద్దంట."

"అందరూ అలాగే అంటారు అక్కా."

"ఈలు నిజంగా అన్నారు."

తాతబాబు నమ్మలేదు. నిజంగా పేరు వద్దనేవాడు లోకంలో ఉంటాడని అతనికి ఎవరూ చూపించలేదు. "ఆ ముసలావిడికి తెలిసిపోయినాది. కూడు ముట్టడం నేదు. నానే సేసినాను," అంది. అంతకంటే చెప్పలేక చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడతను ఫోను తీసి దాన్ని చెరిపేశాడు. చెరిపి, "మనోలు శానామంది దాసుకుని ఉంటారక్కా, అది నా సేతిలో నేదు," అన్నాడు మెల్లిగా. టీ తెప్పిస్తానంటే తాగకుండానే లేచి వచ్చేసింది.

ఇక రఫాయెల్ దగ్గరకు పోవాలి. అది అన్నిటికంటే కష్టం. యూనివర్సిటీ గేటు దగ్గర నిలబడి, ఆయన కారు కనబడితే తిరిగి పోదామా అని కూడా అనుకుంది. ఆయనే చూసి కారు ఆపి దిగాడు. తిడతాడనుకుంది. తిడితే బాగుండేది.

"తప్పు నాది," అన్నాడాయన. "చెప్పొద్దన్నాను గాని, ఎందుకో చెప్పలేదు. నలుగురిలో ఒక మనిషి ముఖం పాలిపోయేలా చేస్తే ఆ మనిషి రక్తం కార్చినట్టేనని మా పెద్దలు చెప్పారు. అందుకే ఎవరిస్తున్నారో తీసుకునేవాళ్ళకు తెలియనివ్వం."

"నేను మిమ్మల్ని గొప్పగా చెబుదామనుకున్నానండీ."

"తెలుసు."

దాలమ్మ కాలి బొటనవేలితో నేల గీసింది. దారి పొడుగునా ఆలోచించుకు వచ్చిన ఉపాయం బయట పెట్టింది. "విజయరాణికి తెలుగు సరిగ్గా రాదు. నేను ఇంకెవరో ముసలావిడ గురించి చెబితే ఆ పిల్ల తప్పుగా చెప్పిందని అంటాను."

అది వద్దనడానికి రఫాయెల్‌కూ మనసు రానట్టుంది. ఇన్నాళ్ళూ ఆయన చెబుతున్నదీ అబద్ధమే కదా. చివరికి, "నమ్మితే మంచిదే," అన్నాడు. కారెక్కబోతూ ఆగాడు. "దాలా, ఆమె శుక్రవారం డబ్బాలో వేసే నాణెం ఉందే, అది ఉత్తుత్తిది కాదు. దాన్నీ మిగతావాటితో పాటే కలుపుతాను. మా పద్ధతిలో తీసుకునేవాళ్ళు కూడా ఇవ్వాలి. నీ కంటికి వెళ్ళినదాంట్లో ఆమె నాణేలూ ఉన్నాయి."

శుక్రవారం వచ్చింది. చేప తేవద్దన్నా దాలమ్మ తెచ్చింది. తెచ్చింది తన డబ్బుతో. ఎంతమందికి వండాలో తెలియక చేతి అలవాటు కొద్దీ అందరికీ సరిపడా కొబ్బరిపాలు పోసి వండింది. తెల్లగుడ్డ పరిచింది. మోజెల్ గదిలోంచి వచ్చి బల్ల చూసింది. తల దువ్వుకోలేదు. మెడలో దండ లేదు.

దాలమ్మ గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టింది. "ఆంటీ, ఆ విజయరాణికి తెలుగు రాదు. ఆ పిల్ల చెప్పిందంతా తప్పు. నేను చెప్పింది వేరే ఒకావిడ గురించి, మా తోటలో..."

"ఆ తోటావిడకీ పెనాంగ్‌లో కొట్టుందా?"

దాలమ్మ బల్ల మీది గ్లాసు పక్కకు జరిపింది.

"ఆవిడ పేరూ మోజెలేనా? నా పేరు నాకు వినబడదా? వీడియో చూశాను నేను. నువ్వెలా నిలబడ్డావో చూశాను. ఇన్నాళ్ళలో ఈ ఇంట్లో నువ్వలా తలెత్తి నిలబడగా నేను చూడలేదు." ముసలావిడ గొంతు పెరిగింది. "నిజం చెప్పు. వాళ్ళను గొప్ప చేద్దామనే చెప్పావా?"

ఇంతవరకు దాలమ్మను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. తాతబాబు అడగలేదు, రఫాయెల్ అడగలేదు, ఆమె కూడా తనను అడుక్కోలేదు. చెంపలు మండిపోయాయి. నేల చూస్తూ చెప్పింది.

"కాదు ఆంటీ. నేను తీసుకున్నదాన్ని. తీసుకున్నాక రాత్రీ పగలూ అదే గుచ్చుకునేది. మావాళ్ళ ముందు నేనూ ఒకరికి పెట్టేదాన్నని అనిపించుకోవాలనుకున్నాను. నా ఒక్కదాని మాటే చెబితే నేను అడుక్కున్నట్టుంటుంది. నాలాగే ఇంకొకరు కూడా తీసుకుంటున్నారంటే కాస్త తేలిక అనిపించింది. అందుకే మీ పేరు తెచ్చాను."

మోజెల్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నన్ను పక్కన నిలబెట్టుకున్నావన్నమాట."

"అవును ఆంటీ." కాళ్ళ మీద పడబోయింది. మోజెల్ కర్ర అడ్డం పెట్టింది.

"అది చెయ్యకు. మా దాంట్లో అది లేదు."

దాలమ్మ నిలబడిపోయింది. క్షమించమని అడగడానికి కూడా ఇంకో దారి తెలియలేదు. చివరికి రఫాయెల్ చెప్పిన మాట ఒక్కటే ఆమె చేతిలో మిగిలింది. అది చెప్పింది. ఆ డబ్బాలో వేసిన నాణేలు తన కంటికి వెళ్ళాయనీ, తీసుకునేవాళ్ళు కూడా ఇవ్వాలని వాళ్ళ పద్ధతట అనీ తడబడుతూ చెప్పింది.

"పద్ధతి నాకు తెలియదా?" అంది మోజెల్. "మా నాన్న చెప్పేవాడు. దానం మీద బతికేవాడు కూడా దానం చెయ్యాలని. చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో." కాసేపు తెల్లగుడ్డ అంచు మడత పెట్టింది, విప్పింది. "ఎవరి గురించో చెబుతున్నాడనుకున్నాను."

కిటికీ బయట ఎండ ఎర్రబడింది. ఎదుటి భవనం అద్దాల మీద వెలుగు జారిపోతోంది. మోజెల్ అది గమనించి కంగారుగా లేచింది. ఎంత కోపం వచ్చినా పొద్దు ఆగదు కదా. గౌను జేబులు తడుముకుంది. నాణెం లేదు. వారమంతా ఆమె చేపలకు డబ్బు తియ్యలేదు, చిల్లర రాలేదు. దాలమ్మ తన పర్సు తీయబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏది చేస్తే తప్పో, ఏది చేస్తే ఒప్పో ఆమెకు ఇక తెలియడం లేదు. మోజెల్ సొరుగులో వెతికి ఎక్కడో అడుగున ఒక నాణెం పట్టుకుని డబ్బాలో వేసింది. ఈసారి "లేనివాళ్ళకు" అనలేదు. నూనె వత్తులు వెలిగించింది, కళ్ళు మూసుకుంది.

"ఎంతమందికి వండావు?"

"అందరికీ."

"ఎవరు తింటారు? ఇక ఫోను కూడా ముట్టకూడదు." విసుగ్గా బల్ల వైపు చూసింది. "కూర్చో."

ఇదివరకు ఎన్నిసార్లు రమ్మన్నా దాలమ్మ ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. నాకు వంటింట్లోనే బాగుంటుందని తప్పించుకునేది. ఈవేళ కాదనే మొహం లేదు. కుర్చీ అంచున కూర్చుంది. ఖాళీ కుర్చీలు చుట్టూ ఉన్నాయి. వాటిలో ఎవరు ఎక్కడ కూర్చునేవారో ఆమెకు తెలుసు. ఎటు చూసినా తాను చేసిందే కనబడింది.

మోజెల్ ద్రాక్షరసం గ్లాసు ఎత్తి పట్టుకుని ప్రార్థన చదివింది. ఎప్పుడూ ఇది చేసేది రఫాయెల్. ఆమె గొంతు అలవాటు లేక రెండుచోట్ల తప్పింది. చదవడం అయిపోయాక తాగలేదు, గ్లాసు అలాగే పట్టుకుని ఎదురు చూసింది. ఎందుకు ఆగిందో దాలమ్మకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. ఇక్కడ చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్క గొంతుతో ఒక మాట అనాలి. అనేవాళ్ళు ఈవేళ లేరు.

"ఆమెన్," అంది దాలమ్మ, పెదవులు కదిపీ కదపనట్టుగా.

"వినబడలేదు."

మళ్ళీ అంది. మైకులో అంత ధాటిగా మాట్లాడిన గొంతు ఇదేనా అన్నంత సన్నగా వచ్చింది.

"ఇంకాస్త గట్టిగా," అంది మోజెల్. "ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను."

దాలమ్మ అంది. ముసలావిడ గ్లాసు దించి ఒక గుక్క తాగింది. పళ్ళెంలోంచి చేప ముక్క తీసి దాలమ్మ కంచంలో వేసింది. చాలు అనబోయి దాలమ్మ అనలేదు. తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. వచ్చే వారం సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.